గోడ మీద ఎవరు రాశారు?

ప్రశ్న: "ద రైటింగ్ ఈజ్ ఆన్ ద వాల్" అనే మాట ఇంగ్లీషు పాఠంలో వచ్చింది. ఇక తప్పదు, జరిగి తీరుతుంది అని అర్థమట. గోడ మీద రాస్తే ఎందుకు జరిగి తీరుతుంది? ఏ గోడ? ఎవరు రాశారు? మా జేజినాయన్ని అడిగితే "మన తలరాత లాంటిదేలేమ్మా" అన్నాడు. అంతేనా?
– ఆదోని నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి

జవాబు: అన్నిటికన్నా ముందు నీ మొదటి ప్రశ్న పట్టుకుందాం. గోడ మీద రాసినంత మాత్రాన ఏదైనా జరిగి తీరుతుందా? ఆదోనిలో గోడలకు కొదవ లేదు. సిమెంటు కంపెనీ ప్రకటన మీద సున్నం కొట్టి ట్యూషన్ ప్రకటన రాస్తారు. దాని మీద మళ్లీ సున్నం కొట్టి ఎన్నికల గుర్తు వేస్తారు. ఆ గోడలు చెప్పినవన్నీ జరిగి ఉంటే మన ఊళ్లలో ఫస్టు క్లాసు రాని పిల్లలుగానీ నీళ్లు రాని కొళాయిగానీ ఉండకూడదు. కాబట్టి రాతకు ఆ శక్తి లేదు. ఈ మాట పుట్టిన గోడ వేరే. దాని కథ తెలిస్తే నీ ప్రశ్నలో సగం తేలిపోతుంది.

ఆ గోడ బాబిలోను నగరంలో ఉంది. బాబిలోను అంటే ఇప్పటి ఇరాక్ దేశంలో, యూఫ్రటీసు నది ఒడ్డున ఉండిన మహానగరం. కథ బైబిలు పాత నిబంధనలో, దానియేలు గ్రంథం అయిదో అధ్యాయంలో వస్తుంది. బెల్షస్సరు అనే రాజు వెయ్యి మంది అధిపతులకు పెద్ద విందు చేశాడు. తాగిన మత్తులో, తమవాళ్లు యెరూషలేము ఆలయం నుంచి దోచుకొచ్చిన బంగారు గిన్నెలు తెప్పించి, వాటిలో ద్రాక్షసారా పోసుకుని అందరూ తాగారు. అప్పుడు దీపస్తంభానికి ఎదురుగా, సున్నపు పూత పూసిన గోడ మీద, మనిషి చేతివేళ్లు కనిపించి నాలుగు మాటలు రాశాయి. రాజుకు ఒళ్లు వణికింది. ఆస్థాన పండితులందరినీ పిలిపించాడు. ఒక్కడికీ ఆ రాత అంతుపట్టలేదు. చివరికి యూదుల నుంచి చెరపట్టి తెచ్చినవాళ్లలో ఒకడైన దానియేలును పిలిస్తే, ఆయన చదివి అర్థం చెప్పాడు. ఆ రాత్రే బెల్షస్సరు చచ్చాడు, రాజ్యం పరుల పాలైంది.

ఇది కథ. చరిత్రకు తెలిసింది ఏమిటంటే, క్రీస్తుపూర్వం 539లో పర్షియా రాజు కోరెషు, మనం చరిత్ర పుస్తకాల్లో సైరస్ అని చదువుకునే ఆయన, బాబిలోనును గెలుచుకున్నాడు. బెల్షస్సరు కూడా కల్పిత పాత్ర కాదు. 1854లో ఇరాక్‌లోని ఊరు అనే పాత నగరం శిథిలాల్లో దొరికిన మట్టి స్థూపాల మీద, అప్పటి రాజు నబోనిదస్ తన కొడుకుగా అతని పేరు రాయించుకున్నాడు. (నగరం పేరే "ఊరు". మన భాషతో దానికి చుట్టరికం కలపాలని చూసినవాళ్లు ఉన్నారు గానీ మనం ఆ దారిన పోవద్దు.)

ఇంతకీ ఆ నాలుగు మాటలేమిటి? నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఇదే. అవి శాపాలూ కావు, మంత్రాలూ కావు. ఆ కాలపు తూకపు రాళ్ల పేర్లు! మినా (ఇది రెండుసార్లు), షెకెలు, అర మినా. అలా వాటిని చదువుకోవచ్చని పండితులు చెబుతారు. మన పెద్దవాళ్లు వీశె, పలం, అరవీశె అన్నట్టు. అయితే ఆ భాషలో ఆ పేర్లకు ధాతువులు వేరే క్రియలుగా కూడా వినిపిస్తాయి. మొదటిదానికి లెక్కపెట్టడం, రెండోదానికి తూచడం, మూడోదానికి పంచిపెట్టడం. దానియేలు వాటిని అలా చదివాడు: నీ రోజులు లెక్క తేలాయి, నిన్ను తూచి చూస్తే తక్కువ పడ్డావు, నీ రాజ్యం పంపకమైపోయింది అని. మూడో మాటలో పర్షియా వాళ్ల పేరు కూడా ధ్వనిస్తుంది.

ఇప్పుడు మీ ఊరి పత్తి మార్కెట్ యార్డు గుర్తు తెచ్చుకో. రైతు తెల్లవారుజామున పత్తి దించుతాడు. ముందు మూటల లెక్క. తర్వాత కాటా. తర్వాత ధరతో గుణించి, కమీషను, హమాలీ, విత్తనాలకూ మందులకూ తెచ్చిన అప్పు, అన్నీ పంచగా మిగిలింది చీటీ మీద పడుతుంది. ఆ చీటీలో అంకె తక్కువగా ఉంటే అందుకు కారణం చీటీ రాసిన పెన్ను కాదు. జూన్‌లో వాన ఆలస్యమైంది, ఆగస్టులో పురుగు పడింది, అప్పు మీద వడ్డీ పెరిగింది. చీటీ ఆ జరిగినవాటిని ఒక అంకెగా చూపించింది, అంతే. బెల్షస్సరు గోడా అలాంటి చీటీయే. రాత వల్ల రాజ్యం పోలేదు. రాజ్యం పోయే పనులన్నీ అప్పటికే జరిగిపోయాయి, శత్రువు గుమ్మం ముందే ఉన్నాడు. రాత ఆ లెక్కను నలుగురికీ కనబడేలా పెట్టింది.

నీ "ఎందుకు" అన్నదానికి జవాబు ఇక్కడ ఉంది. గోడ మీద రాస్తే జరగడం కాదు. కారణాలన్నీ కూడి, ఫలితం ఇక వెనక్కి తిరగని చోటికి వచ్చినప్పుడు, దాని ఆనవాలు బయటికి కనిపిస్తుంది. ఆ ఆనవాలునే ఇంగ్లీషువాళ్లు గోడ మీది రాత అంటారు. 1720 ప్రాంతంలో లండన్‌లో షేర్ల బుడగ పగిలి, జనం డబ్బు కోసం బ్యాంకర్ల మీద పడ్డప్పుడు, జొనాథన్ స్విఫ్ట్ ఆ సందర్భం మీద రాసిన కవితలో ఈ పోలిక వాడాడు. గలివర్ ప్రయాణాలు రాసిన స్విఫ్టే. అంటే మూడు వందల ఏళ్లుగా ఈ మాట డబ్బు దివాళాకూ రాజ్యాల పతనానికీ ఒకేలా చెల్లుతోంది.

ఇక మీ జేజినాయన మాట. ఆయన చెప్పింది పూర్తిగా కొట్టేయదగినది కాదు. రెండూ రాతలే, రెండూ తప్పవనే అంటాం. కానీ తేడా ఎక్కడుందో చూడు. తలరాత బ్రహ్మ రాసేది. పుట్టినప్పుడే రాసేస్తాడంటారు. అది ఎవరి నుదుటి మీద ఉంటుందో వాళ్లకు కనబడదు, అద్దంలో చూసుకున్నా కనబడదు. జరిగిపోయాక "నా తలరాత ఇంతే" అనుకుంటాం. అది ఓదార్పు మాట. గోడ మీది రాత అలా కాదు. అది జరగకముందే, అందరి ముందూ, దీపం వెలుగులో ఉంటుంది. చదవడం చేతనైతే చదువుకోవచ్చు. చదవనివాడు తప్పు బ్రహ్మ మీదికి నెట్టలేడు. కాబట్టి మీ జేజినాయనతో, "తలరాత తర్వాత చెప్పుకునేది, గోడరాత ముందే చూసుకోవలసింది" అని చెప్పి చూడు. ఒప్పుకుంటాడనే అనుకుంటాను.

వాడేటప్పుడు గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ మాట చెడు ఫలితానికే వాడతారు. బాగా చదివిన పిల్లకు మంచి మార్కులు వస్తాయని చెప్పడానికి ఇది పనికిరాదు. ఆనవాలు ముందుగా ఉండాలి. ఊరికే పిడుగు పడితే దానికి గోడ లేదు. తరచుగా దీని ముందు "చూశాడు", "చదివాడు" అనే క్రియలు వస్తాయి: ఫలానా వ్యాపారి గోడ మీది రాత చదివి ముందే దుకాణం మార్చేశాడు అన్నట్టు. అమెరికావాళ్లు "హ్యాండ్‌రైటింగ్ ఆన్ ద వాల్" అని కూడా అంటారు, అర్థం ఒకటే.

వాక్యాలు కట్టడం కన్నా ఒక నిజమైన సంఘటన చూస్తే బాగా పట్టుబడుతుంది. అందుకు లండన్ పోనక్కర్లేదు. మీ ఊరి కొండ వైపు చూస్తే చాలు.

ఆదోని కోట విజయనగర కాలంలో గట్టి దుర్గం. 1565లో విజయనగరం ఓడిపోయిన తర్వాత కొన్నేళ్లకే అది బీజాపూరు సుల్తానుల చేతికి వచ్చింది. పదిహేడో శతాబ్దం రెండో సగంలో ఆ కోటను ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్. ఆఫ్రికా నుంచి వచ్చి దక్కనులో స్థిరపడిన సిద్దీల వంశం ఆయనది. మీ ఊళ్లో షాహీ జామియా మసీదు కట్టించింది ఆయనే. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, అంటే ఇప్పటి మంత్రాలయాన్ని, ఇచ్చాడని మఠం సంప్రదాయం చెప్పే ఆదోని నవాబూ ఆయనే. ఆయన బీజాపూరులో బాల సుల్తానుకు బదులు రాజ్యం నడిపే పెద్దగా కొన్నేళ్లు ఉన్నాడు. అక్కడి వర్గాల కుమ్ములాటలు, ఖాళీ ఖజానా, ఒక వైపు మరాఠాలు, ఇంకో వైపు మొగలులు. విసిగి, 1683లో ఆ పదవి వదిలి ఆదోనికి వచ్చేశాడు.

వచ్చేశాక ఏం జరిగిందో వరసగా చూడు. ఔరంగజేబు స్వయంగా దక్కనులో దిగాడు. 1686 సెప్టెంబరులో బీజాపూరు పడిపోయింది. మసూద్ ఖాన్ ఎవరి తరఫున కోట కాస్తున్నాడో ఆ సుల్తానే బందీ అయ్యాడు. మరుసటి ఏడు గోల్కొండ వంతు వచ్చింది. నెలల తరబడి ముట్టడి సాగాక, లోపలివాడే ఒకడు తలుపు తీయడంతో అదీ పోయింది. అంటే ఆదోనికి ఉత్తరాన సాయం పంపగలిగిన రాజ్యం ఒక్కటీ మిగల్లేదు. 1688లో ఫిరోజ్ జంగ్ నాయకత్వంలో మొగలు సైన్యం ఆదోని ముందుకు వచ్చింది. కోట లొంగిపోయింది. దాని పేరు ఇంతియాజ్‌గఢ్ అయింది.

ఊళ్లో చెప్పుకునే కథ ఒకటుంది. కోట తేలిగ్గా చిక్కేది కాదట. మసూద్ ఖాన్‌కు తాను కట్టించిన మసీదంటే ప్రాణమని తెలుసుకుని, మొగలు సేనాని ఫిరంగులను దాని వైపు తిప్పించాడట. ఆ మసీదును కాపాడుకోవడానికే కోట తలుపులు తెరిచాడట. కథలో ఎంత నిజముందో గానీ, నాకు అది నచ్చడానికి కారణం వేరే. ఫిరంగులు తిప్పకపోయినా ఫలితం మారేదా? బహుశా ఇంకొన్ని వారాలో నెలలో ఆలస్యమయ్యేది. బీజాపూరు పడ్డ రోజునే ఆదోని గోడ మీద రాత పడింది. మసూద్ ఖాన్ దాన్ని 1683లోనే కొంత చదివాడని, అందుకే బీజాపూరు వదిలాడని నాకు అనిపిస్తుంది. బెల్షస్సరుకు చదివిపెట్టడానికి ఇంకొకరు కావలసి వచ్చింది. ఈయనకు అక్కర్లేకపోయింది. చదివినా తప్పించుకోలేకపోయాడు గానీ, పోగొట్టుకునేది ఏదో మిగుల్చుకునేది ఏదో ఎంచుకున్నాడు. కోట పోయింది, మసీదు ఇంకా ఉంది.

ఇక్కడ నువ్వు అడగవలసిన ఇంకో ప్రశ్న ఉంది. వెనక్కి తిరగని చోటు వచ్చిందని ఎలా తెలుస్తుంది? అనుమానం వేరు, తప్పదని తేలడం వేరు కదా?

దీనికి తుంగభద్ర నీళ్లను తీసుకుందాం. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు నీళ్లు తుంగభద్ర దిగువ కాలువ నుంచి, అంటే అందరూ ఎల్లెల్సీ అనే కాలువ నుంచి వస్తాయి. హోస్పేట దగ్గర డ్యాంలో 1953లో నీళ్లు నిలపడం మొదలైనప్పుడు అందులో దాదాపు 133 టీఎంసీలు పట్టేవి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. తర్వాతి సర్వేల్లో ఆ లెక్క తగ్గుతూ వచ్చి, ఇప్పుడు 105.79 టీఎంసీల దగ్గర నిలిచింది. డ్యాం గోడ ఎత్తు తగ్గలేదు. మరి ఇరవై ఏడు టీఎంసీల చోటు ఎటు పోయింది?

వానాకాలంలో నది నీళ్లు ఎర్రగా ఎందుకుంటాయో నీకు తెలుసు. మట్టి కలిసి వస్తుంది. నీళ్లు పరుగెత్తుతున్నంతసేపూ మట్టిని మోసుకుపోగలవు. డ్యాం దగ్గరికి వచ్చేసరికి పరుగు ఆగుతుంది. పరుగు ఆగితే మోసే బలం పోతుంది. బరువైన ఇసుక ముందుగా, రిజర్వాయరు పై కొసనే దిగిపోతుంది. సన్నటి ఒండ్రు ఇంకా లోపలికి వచ్చి నెమ్మదిగా అడుగున పేరుకుంటుంది. నీళ్లు కాలువలోకి పోతాయి, మట్టి మాత్రం అక్కడే ఉంటుంది. మరుసటి ఏడు దాని మీద ఇంకో పొర. ఒక ఏడాది పొర ఎవరికీ కనబడదు. డెబ్బయి పొరలు కలిసేసరికి, వరద నీళ్లు ఎదురుగా వస్తున్నా పట్టుకోవడానికి చోటు లేక నదిలోకి వదిలేయవలసి వస్తుంది. మూడు రాష్ట్రాలకు పంచే నీళ్లలో కోత పడుతుంది. ఆ కోత కాలువ చివరి ఆయకట్టుకు, అంటే మీ వైపు రైతుకు, ముందు తగులుతుంది.

దీన్ని గోడ మీది రాత అనొచ్చా? నిస్సందేహంగా అనొచ్చు. ఎందుకంటే ఇందులో నమ్మకాలకూ ఊహలకూ చోటు లేదు. కారణం తెలుసు: ఆగిన నీరు మట్టిని మోయలేదు. ఆ కారణం ఏటేటా పనిచేస్తూనే ఉంది. కొలిచి చూసిన లెక్కా ఉంది. లెక్కపెట్టడం, తూచడం, పంచడం, మూడూ జరిగాయి. తెలిసిన కారణం, అది ఆగకపోవడం, కొలిచిన లెక్క: తప్పదనడానికి ఈ మూడూ ఉండాలి. డ్యాం కట్టిన ఇంజనీర్లకు కూడా మట్టి వస్తుందని తెలుసు. అందుకే నవలి దగ్గర ఇంకో జలాశయం కట్టాలనే ఆలోచన కర్ణాటక ముందుకు తెచ్చింది. మట్టిని ఆపలేం గనుక నీళ్లకు వేరే చోటు చూడాలని దాని ఉద్దేశం.

అదే డ్యాంలో జరిగిన ఇంకో సంగతి చూడు, తేడా తెలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. నిండిన డ్యాం నుంచి నీళ్లు వృథాగా పోతుంటే ఇటు కర్నూలు జిల్లా రైతులందరికీ నిద్ర లేదు. నీటిమట్టం తగ్గించుకుంటూ, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో వారం తిరగకుండానే స్టాప్‌లాగ్ పలకలు దించి ప్రవాహం ఆపారు. మరునాటి నుంచే "ఇది ముందే తెలిసిన సంగతి" అన్నవాళ్లు కనిపించారు. పాత ఇనుము ఎప్పటికైనా అరుగుతుంది, ఇది నిజం. కానీ ఆ గొలుసు, ఆ రాత్రి తెగుతుందని ఎక్కడ రాసి ఉంది? జరిగాక వెనక్కి తిరిగి చూస్తే ప్రతి గోడ మీదా రాత కనిపిస్తుంది. ఈ మాటను పత్రికల్లో చాలామంది తప్పుగా వాడేది ఇక్కడే. ముందు ఎవరూ చదవని, చదవడానికి వీల్లేని దాన్ని తర్వాత రాత అనకూడదు. గేట్లు పాతబడ్డాయన్నది రాత. పంతొమ్మిదో గేటు గొలుసు తెగడం ప్రమాదం.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, రాత పడ్డాక ఇక చేసేదేమీ లేదా అని నీకు అనిపించవచ్చు. అలా కాదు. అది మీ ప్రాంతంలో ఒక కరువు నేర్పిన పాఠం, కొంచెం నింపాదిగా చెబుతాను.

1876లో నైరుతి వానలు మొండికేశాయి. తర్వాత ఈశాన్య వానలూ రాలేదు. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే కర్నూలులో కలిసింది. 1876 తెలుగు సంవత్సరాల్లో ధాత గనుక ఆ కరువును ధాత కరువు అన్నారు. అప్పటికి అయిదేళ్ల ముందే మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు దారి ఆదోని మీదుగా పూర్తయింది. రైలుంటే ధాన్యం వస్తుంది, జనం బతుకుతారు అనుకున్నారు. కానీ రైలు ధాన్యం తెచ్చినట్టే తీసుకుపోతుంది కూడా. టెలిగ్రాఫుతో ధరలు తెలిసిన వ్యాపారి ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడికి పంపుతాడు. చేతిలో డబ్బు లేని కూలివాడికి స్టేషనులో బస్తాలు కనబడతాయి, కొనడానికి మాత్రం అందవు. సర్కారు సహాయ పనుల్లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం ధరకూ పైన కొద్దిపాటి చిల్లరకూ కుదించింది. 1871కీ 1881కీ మధ్య పక్కనున్న కర్నూలు జిల్లా జనాభా దాదాపు పావు వంతు తగ్గిపోయింది. నలుగురిలో ఒకరు.

ఆ ఘోరం తర్వాత 1880లో విచారణ సంఘం నివేదిక వచ్చింది. దాని వెనకే ఫ్యామిన్ కోడ్ అనే కరువు నియమావళులు తయారయ్యాయి. వాటిలో అధికారులు ఏమేం గమనించాలో రాశారు. అది చదివితే మన పల్లె ముసలమ్మలు చెప్పినట్టే ఉంటుంది. భిక్షం వేసేవాళ్లు తగ్గుతారు. సావుకారు అప్పు ఇవ్వడం మానేస్తాడు. ధాన్యం అంగళ్లలో హడావిడి ఎక్కువవుతుంది. చిన్న దొంగతనాలు పెరుగుతాయి. గొర్రెల మందలు వేళకాని వేళ, అలవాటులేని దిక్కుకు మేత కోసం పోతాయి. మనుషులు ఊళ్లొదిలి తిరగడం మొదలుపెడతారు. ఇవి కనిపిస్తే జనం చచ్చేదాకా ఆగొద్దు, పనులు తెరవండి అని చెప్పింది.

గమనించావా? వాన రాకపోవడం తప్పించలేం. పంట పోవడమూ తప్పించలేం. కానీ పంట పోవడానికీ మనిషి పోవడానికీ మధ్య కొన్ని నెలల ఎడం ఉంది. రాత ఆ ఎడంలో పడుతుంది. చదివేవాడు ఉంటే పంట పోయినా మనిషి మిగులుతాడు. ఒక ఫలితం తప్పదన్నాక, దాని వెనక వచ్చే ఫలితాలన్నీ తప్పవని అర్థం కాదు.

మీ వైపు ఆ చదువు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం ఊళ్లలో ఎవర్ని అడిగినా "సుగ్గి" అంటే చెబుతారు. కన్నడంలో ఆ మాటకు పంట కోతల పండగ అని అర్థం. మన దగ్గర ఇంటికి తాళమేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని, గుంటూరు వైపు మిరప కోతకూ పత్తి తీతకూ వెళ్లడం సుగ్గి. సొంత పండగ కాదు, పరాయి పొలంలో కోత. ఆగస్టులో వాన మొహం చాటేస్తే, దసరా నాటికి చేలో కాయ నిలవకపోతే, ఇంట్లో పెద్దామె ఎవరూ చెప్పకుండానే ముల్లెలు సర్దడం మొదలుపెడుతుంది. ఆమె అక్షరం ముక్క చదువుకోకపోవచ్చు. కానీ ఆ గోడ చదవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. బడి అందరికన్నా ఆలస్యంగా చదువుతుంది. సగం తరగతి ఖాళీ అయ్యాక, వెళ్లినవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు. కోత మొదలయ్యేది ఎప్పుడో అందరికీ తెలిసినప్పుడు హాస్టలు ఒక నెల ముందే తెరవొచ్చు కదా అని నేను అనుకుంటూ ఉంటాను.

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను. ఈ మాటను అధికారంగా చెప్పేవాళ్లను అంత తొందరగా నమ్మవద్దు. ఎమ్మిగనూరు చేనేత సంగతి చూడు. లాంకషైరు మిల్లు బట్ట దిగినప్పటి నుంచి చేతి మగ్గం గోడ మీద రాత పడిందని చెబుతూనే ఉన్నారు. దేశంలో మిల్లులు వచ్చినప్పుడు మళ్లీ అన్నారు. మరమగ్గం వచ్చాక మరీ గట్టిగా అన్నారు. వాదన సూటిగానే ఉంటుంది: యంత్రం వేగంగా నేస్తుంది, వేగంగా నేసింది చవక, చవకది గెలుస్తుంది. కానీ మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘం పెట్టినప్పుడు చూసిన లెక్క వేరే. నేతగాడు ఓడిపోతున్నది ఒక్క మరతోనేనా? నూలు అప్పుగా ఇచ్చి, నేసిన బట్టను తాను చెప్పిన ధరకే పట్టుకుపోయే సావుకారుతో కూడా. నూలు సంఘమే ఇచ్చి, కూలి ఇచ్చి, బట్ట సంఘమే అమ్మితే, రెండో ఓటమి తప్పుతుంది. ఆ ఊరి దుప్పట్లకు అలా పేరొచ్చింది. సోమప్పకు పద్మశ్రీ కూడా వచ్చింది. 1985లో కొన్ని రకాల నేతను చేతి మగ్గానికే కేటాయిస్తూ చట్టం వచ్చింది. 2019-20 చేనేత గణనలో దేశంలో ఇంకా 35 లక్షల మంది ఈ పనిలో ఉన్నట్టు తేలింది.

వాళ్లంతా సుఖంగా ఉన్నారని కాదు. ఎమ్మిగనూరులో మగ్గం గుంట పూడ్చేసి వేరే పనికి పోయిన ఇళ్లు ఉన్నాయి, కొడుక్కి ఈ పని వద్దనే తండ్రులు ఉన్నారు. అయినా "చేనేత పోవడం గోడ మీది రాత" అని ఎవరైనా రాస్తే, ఏ లెక్క చూసి రాశావని అడుగు. నూలు ధర ఎంత, కూలి ఎంత, బట్ట ఎక్కడ అమ్ముడవుతోంది, సంఘం బకాయిలు ఎన్నాళ్లకు అందుతున్నాయి, ఇవి చెప్పగలిగితే అతని మాట వినాలి. చెప్పలేకపోతే అతను గోడను చదవడం లేదు, గోడ మీద తనే రాస్తున్నాడు.

అన్నట్టు, పరీక్షలో సొంత వాక్యం రాయమంటే బాబిలోను జోలికి పోకు, అందరూ అదే రాస్తారు. బీజాపూరు పడిపోయిన తర్వాత ఆదోని కోటకు గోడ మీద రాత పడిందని రాయి. దిద్దే మాస్టారు ఆదోనివారే అయితే, ఇంకో ప్రశ్న అడిగినా అడగవచ్చు. 1686, 1688 అనే రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకో.